పెన్నేరుగడ్డ మతిమరుపును మాన్పుతుందా?

ముసలివారు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికితే మనం నవ్వుకుంటాము. కాని కన్నకొడుకును పట్టుకుని “ఎవరు నాయనా నువ్వు?” అని అడిగిననాడు ఆ ఇంట నవ్వు ఉండదు. అలాంటి ఇళ్ళలోకే ఈ రోజులలో అశ్వగంధ సీసాలు చేరుతున్నవి.

అశ్వగంధ అంటే మన పెన్నేరుగడ్డే. వంగకు, టమాటాకు దాయాది. కాగితపు బుడగ వంటి తొడుగులో ఎర్రని చిన్న పండు. మందుకు వాడేది వేరు. మధ్యప్రదేశ్‌లో నీమచ్, మందసౌర్ ప్రాంతాలు దీని పంటకు పేరుపొందినవి. పచ్చివేరు గుర్రపు కంపు కొడుతుందని సంస్కృతంవారు ఆ పేరు పెట్టారు. నిద్ర తెచ్చేదని శాస్త్రజ్ఞులు లాటిన్‌లో ‘సోమ్నిఫెరా’ అన్నారు. ఒకరికి గుర్రం, ఒకరికి కునుకు!

ఇక అసలు సంగతి. అల్జైమర్స్ వ్యాధిలో అమిలాయిడ్ అనే పదార్థం మెదడులో పేరుకుంటుంది. 2012లో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి చెందిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ బృందం, ఈ జబ్బు వచ్చేటట్లు పుట్టించిన చిట్టెలుకలకు 30 రోజులు వేరు సారం తాగించిన ఫలితాలను ప్రకటించింది. దారి మరచిన ఎలుకలు దారి పట్టినవి. పేరుకున్న అమిలాయిడ్ తగ్గింది. చిత్రమేమంటే, మందు పని చేసింది కాలేయంలో! అక్కడ ఎల్.ఆర్.పి. అనే మాంసకృత్తు పెరిగి నెత్తుటిలోని అమిలాయిడ్‌ను లాగివేసింది. నూతిలో నీరు తోడేకొద్దీ పక్క చెరువు నీరు ఊరినట్లు, మెదడులోనిది నెత్తుటిలోకి దిగింది. కాలేయంలో ఆ మాంసకృత్తును అణచి చూస్తే మందు గుణం మాయమైంది.

ఐతే ఎంత ఇచ్చారనుకున్నారు? ఒంటి బరువు కిలోకు ఒక గ్రాము సారం. మనం పాలలో కలిపే చెంచాడు పొడి దానికి సాటి రాదు. పైగా ఎలుక మనిషి కాదు. నిద్రకు, ఆందోళనకు కొంత మేలు చేసినట్లు మనుషులపై జరిగిన చిన్న చిన్న పరీక్షలలో కనిపించింది గాని, అల్జైమర్స్‌ను వెనక్కు తిప్పుతుందని రుజువు కాలేదు.

మేలు కాలేయం దారినే వచ్చింది. కీడూ ఆ దారినే రావచ్చును. 2020లో ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు, అశ్వగంధ మందులు వాడి కామెర్లు తెచ్చుకున్న ఐదుగురి సంగతి ప్రకటించారు. అదృష్టవశాత్తు వారు కోలుకున్నారు. డెన్మార్క్ ప్రభుత్వం 2023లో దీనిని నిషేధించింది. గర్భిణులకు ఇది కూడదు.

సీసా ఇప్పటికే కొన్నారా? పెద్దవారిని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళేటప్పుడు దానిని కూడా సంచిలో వేసుకోండి. థైరాయిడ్ మాత్రలో, నిద్రమాత్రలో వాడేవారైతే ఆయన ముందు చూడవలసింది ఆ సీసానే.