చెడింది యంత్రం కాదు, ఎండింది సిరా!
మూలన పడ్డ ప్రింటర్లను ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు

దర్శి (మా విలేకరి): 2020లో కరోనా మూలంగా బడులు మూతపడి పాఠాలు సెల్‌ఫోన్లలోకి వచ్చినప్పుడు, పిల్లల నోట్సు కోసమని కొందరు తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి ఇంట్లోకే ఇంక్‌జెట్ ప్రింటర్లు తెచ్చుకున్నారు. తర్వాత బడులు తెరిచారు. పిల్లలు పైచదువులకు ఒంగోలు, గుంటూరు వెళ్లిపోయారు. ప్రింటరు మాత్రం పాత చీర ముక్క కప్పుకొని బీరువా పక్కన మిగిలిపోయింది. ఇప్పుడు అడంగల్ నకలో, పిల్లవాడి హాల్ టికెట్టో అవసరమై స్విచ్ వేస్తే తెల్ల కాగితమే బయటికి వస్తున్నది. లేదా అక్షరాలు గీతలు గీతలుగా పడుతున్నాయి. "ఇది పోయింది, కొత్తది కొనుక్కోండి" అనే మాట విని, మిరప అమ్మిన సొమ్ములో కొన్ని వేలు మళ్లీ దానికే తీయవలసి వస్తున్నది.

ఇలా పక్కన పెట్టిన యంత్రాల్లో చాలావాటికి విరిగిందీ, కాలిందీ ఏమీ ఉండదు. సిరా ఎండి రంధ్రాలు పూడుకుపోయి ఉంటాయి. ఓపిక ఉంటే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు.

పనిలేకనే చెడుతుంది

మందు కొట్టే పంపు నాజిల్ ఎరిగిన రైతుకు ఈ జబ్బు తేలికగానే అర్థమవుతుంది. పొడి మందు కొట్టి, కడగకుండా పడేస్తే పంపు పూడుకుపోతుంది. ప్రింటరులో సిరా చిమ్మే భాగాన్ని హెడ్ అంటారు. దానికి తల వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు వందల సంఖ్యలో ఉంటాయి. కానన్, హెచ్‌పీ రకాల్లో సూక్ష్మమైన హీటరు సిరాను ఒక్క క్షణం కాచి బుడగ పుట్టించి, దాని తోపుతో చుక్కను బయటికి నెడుతుంది. ఎప్సన్ రకంలో వేడి ఉండదు. కరెంటు తగిలితే వంగే స్ఫటికం సిరాను నొక్కుతుంది.

బుడగ పద్ధతి పుట్టుక కూడా వింతే. 1977లో జపానులోని కానన్ పరిశోధకుడు ఇచిరో ఎండో ప్రయోగశాలలో, కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ పొరపాటున సిరా ఉన్న సిరంజి సూదికి తగిలింది. సూది కొస నుంచి సిరా చిమ్మింది. హెచ్‌పీ కంపెనీ విడిగా ఇదే సూత్రం కనిపెట్టి 1984లో థింక్‌జెట్ ప్రింటరు విడుదల చేసింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అంతటి ఎండకు ఈ సన్నని రంధ్రాల్లో సిరా ఆరిపోవడంలో వింత లేదు. వాడితే అరిగిపోతుందని ప్రింటరును దాచిపెట్టేవారున్నారు. నిజానికి వాడకపోతేనే అది చెడుతుంది.

బోరు నీళ్లు వద్దు

కడగడానికి బోరు నీళ్లు పనికిరావు. దర్శి ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు, లవణాలు ఎక్కువన్నది అందరూ ఎరిగినదే. ఆ ఉప్పు రంధ్రాల్లో పేరుకుంటే ఉన్న జబ్బుకు కొత్త జబ్బు తోడవుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోవాలి. యాసిడ్ కాదని అడిగి చూసుకోవడం మరవకూడదు. థిన్నరు, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే మందు దగ్గరికే రానివ్వకూడదు. పంపు నాజిల్‌కు మల్లే పిన్నీసుతో పొడిస్తే హెడ్ శాశ్వతంగా పోతుంది.

చేయవలసిన పద్ధతి

ముందుగా సిరా ఉన్నదో లేదో చూడాలి. సిరా లేకుండా బుడగ రకాన్ని నడిపితే హీటర్లు కాలిపోతాయి. తర్వాత కంప్యూటరులోని ప్రింటరు మెనూలో 'నాజిల్ చెక్' కొట్టాలి. గీతలు ఎక్కడ తెగాయో కాగితమే చెబుతుంది. ఆపైన 'హెడ్ క్లీనింగ్' రెండు మూడుసార్లకు మించి చేయకూడదు. ప్రతిసారీ సిరా ఖర్చవుతుంది. ఫలితం లేకుంటే కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడాలి.

అప్పటికీ కాకుంటే చేత్తో శుభ్రం చేయాలి. కొన్ని రకాల్లో హెడ్ కార్ట్రిడ్జికే ఉంటుంది. దాన్ని బయటికి తీసి, సాసరులో రెండు మూడు మిల్లీమీటర్ల లోతున గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ పోసి, హెడ్ ఒక్కటే తడిసేలా అయిదు నిమిషాలు నిలబెట్టాలి. పీచు రాలని మెత్తటి గుడ్డపై అద్దితే రంగు గీత పడాలి. పడకుంటే మళ్లీ నానబెట్టాలి. దూది వాడకూడదు. దాని పోగులు రంధ్రాలకు అడ్డం పడతాయి. వెనక ఉండే రాగి బిళ్లలు పూర్తిగా ఆరకుండా కార్ట్రిడ్జిని తిరిగి పెట్టకూడదు.

సిరా ట్యాంకులుండే ఎప్సన్ వంటి వాటిలో హెడ్ యంత్రానికే బిగించి ఉంటుంది. ప్రింటరు ఆన్ చేసి, హెడ్ మధ్యకు జరిగిన వెంటనే ప్లగ్గు తీయాలి. టిష్యూ కాగితాన్ని మడిచి, తడిపి, నీళ్లు కారకుండా పిండి హెడ్ కిందికి జరపాలి. హెడ్‌ను మెల్లగా దానిపైకి తెచ్చి రాత్రంతా వదలాలి. హెడ్ విశ్రాంతి తీసుకునే చోట రబ్బరు మూత ఉంటుంది. దానిమీద గడ్డకట్టిన సిరాను కూడా తడిగుడ్డతో తుడవాలి. తెల్లవారి టిష్యూ తీసి ఒక్కసారి క్లీనింగ్ చేస్తే చాలావరకు గీతలు కలుస్తాయి.

మిగతా చిన్న రోగాలు

కాగితం లాగకపోతే లోపలి రబ్బరు రోలరుకు దుమ్ము పట్టిందని గుర్తు. పత్తి నూగు, మిరప దుమ్ము ఆడే ఇళ్లలో ఇది తప్పదు. తడిగుడ్డతో రోలరు చుట్టూ తుడిస్తే సరిపోతుంది. కొబ్బరి నూనె, మిషన్ ఆయిల్ రాయకూడదు. హెడ్ పక్కలకు కొట్టుకుంటే, దాని వెనక అడ్డంగా ఉండే సన్నని పారదర్శక పట్టీపై సిరా మరక పడి ఉండవచ్చు. హెడ్ ఎక్కడున్నదో యంత్రానికి తెలిపేది ఆ పట్టీయే. దాన్ని గుంజకుండా సుతారంగా తుడవాలి.

బటన్‌తోనే ఆపాలి

ప్రింటరును గోడ స్విచ్‌తో ఆపడం చాలా ఇళ్లలో అలవాటు. జబ్బుకు మూలం ఒకటి ఇక్కడే ఉన్నది. యంత్రం మీది బటన్ నొక్కితేనే హెడ్ వెళ్లి రబ్బరు మూత మీదికి చేరుతుంది. గోడ స్విచ్ తీస్తే ఉన్నచోటనే ఆగి గాలికి ఆరిపోతుంది. ప్రింటు మధ్యలో కరెంటు పోతే, వచ్చిన తర్వాత ఒకసారి ఆన్ చేసి బటన్‌తో ఆపాలి. వారానికి ఒక రంగుల పేజీ తీస్తే సిరా కదులుతూ ఉంటుంది. కొత్త యంత్రం ధరతో పోలిస్తే ఆ పేజీ ఖర్చు లెక్కలోకి రాదు.

ఎక్కడ ఆపాలి?

క్లీనింగులో వృథా అయిన సిరా అడుగున ఉండే మెత్తలోకి పోతుంది. అది నిండిందని యంత్రం తెలిపితే మెత్త మార్చించాలి. మార్చకుండా లెక్క మాత్రం సున్నా చేయిస్తే సిరా పొంగి బల్లమీదికి కారుతుంది. రెండు మూడు రాత్రులు నానబెట్టినా ఒకే రంగు రాకుంటే హెడ్ కాలిపోయి ఉండవచ్చు. కార్ట్రిడ్జి రకమైతే కొత్తది వేస్తే సరి. బిగించిన హెడ్ అయితే మరమ్మతుకు ఎంతవుతుందో ముందే అడిగి, కొత్త యంత్రం ధరతో పోల్చుకోవాలి.

నిజంగా పాడైన దాన్ని చెత్తకుప్పలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో ప్రింటర్లు, కార్ట్రిడ్జిలు కూడా ఉన్నాయి.

కాగా, కొనుక్కున్న వస్తువును బాగుచేసుకునే సమాచారం యజమానికి అందాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. సమాచారంతో పాటు చేతిపని కూడా తెలిసిన వారుంటేనే ఆ హక్కు పల్లెకు చేరుతుంది. ఐ.టి.ఐ.ల్లో, కంప్యూటరు శిక్షణ కేంద్రాల్లో ఈ పని ఒక పూట నేర్పినా దొనకొండ, కురిచేడు, ముండ్లమూరు, తాళ్లూరు పల్లెల వారికి చిన్న మరమ్మతుకు ఒంగోలు దాకా మోసుకుపోయే బాధ తప్పుతుంది. సంబంధితులు ఆలోచించవలసి ఉన్నది.