ఇంటి గుట్టు – చేతిలోని ఫోను

కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం మేము నోయిడా నుండి కుటుంబ సమేతంగా బయలుదేరి, ఢిల్లీలోని ఆంధ్ర భవన్ క్యాంటీనులో భోజనం చేసి వచ్చాము. వెళుతున్నట్లు ఎవరికీ చెప్పలేదు. ఫొటోలు తీసుకోలేదు. భోజనానికి నగదే చెల్లించాము. మరునాడు ఉదయం కార్యాలయానికి వెళుతూ మెట్రోలో కూర్చుని ఉండగా జేబులోని ఫోను చిన్నగా మ్రోగినది. తీసి చూస్తే, నిన్న మేము వెళ్ళిన భోజనశాల ఎట్లా ఉన్నదో నాలుగు మాటలు వ్రాయవలసినదిగా కోరుతున్నది!

మధ్యాహ్న విరామ సమయంలో ఈ సంగతి చెప్పగా సహోద్యోగి మిత్రులొకరు నవ్వి, "పప్పన్నం తిన్నామని తెలిస్తే వచ్చే నష్టమేమిటండీ? దాచుకోవలసినది ఉన్నవారికి గదా భయం!" అన్నారు. ఆ మాటకు అప్పటికప్పుడు మాకు సమాధానం తోచలేదు. మిత్రుని ప్రశ్న సామాన్యమైనదే అయినా, దానికి సమాధానం వెదుకుతూ పోగా న్యాయశాస్త్రమూ, మన ఇంజనీరింగు విద్యా, చివరకు మా ఇంటి వ్యవహారమూ కూడా అందులో కలిసివచ్చాయి. మిత్రునికి ఆలస్యంగా ఇస్తున్న ఆ సమాధానమే ఈ వ్యాసం.

ఒక తెలుగు న్యాయమూర్తి అసమ్మతి

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై 1941లో దోపిడీ నేరం మోపబడినది. సాక్ష్యం లేనందున విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేరిట ఒక చరిత్ర పత్రం తెరిచి నిఘా ఉంచారు. రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టి లేపేవారు. పొరుగూరికి వెళ్ళాలంటే గ్రామ కావలివానికి చెప్పి వెళ్ళవలసినదే. ఎక్కడికి వెళ్ళినాడు, ఎప్పుడు తిరిగి వచ్చినాడు అన్నది అంతా నమోదయ్యేది. అతడు సుప్రీం కోర్టును ఆశ్రయించగా, 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది. రాత్రి సోదాలు చెల్లవని కొట్టివేసి, మిగిలిన నిఘాను మాత్రం అధిక సంఖ్యాకులు సమర్థించారు. గోప్యత అనేది మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు.

ఆ అభిప్రాయంతో విభేదించినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. వారితో జస్టిస్ జె.సి. షా ఏకీభవించారు. సుబ్బారావు 1902లో రాజమహేంద్రవరంలో జన్మించి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించిన మహనీయులు. వారి వాదన సారాంశం ఇది: కాళ్ళకు సంకెల లేకపోవడం ఒక్కటే స్వేచ్ఛ కాదు. ప్రతి అడుగునూ ఒకరు గమనిస్తున్నారని తెలిసిన మనిషి బయటకు స్వేచ్ఛగా నడుస్తున్నట్లు కనిపించినా, అతని మనస్సు మాత్రం బంధింపబడియే ఉంటుంది. కావున ఆ నిఘా నియమం మొత్తం చెల్లదని వారు నిర్ణయించారు.

సుమారు 55 సంవత్సరాల తరువాత ఆ అసమ్మతియే సమ్మతి అయినది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి 2012లో దాఖలు చేసిన వ్యాజ్యంలో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించినది. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్నారు. అయితే ఏ హక్కూ నిరపేక్షం కాదు. ప్రభుత్వం ఒకరి గోప్యతలో జోక్యం చేసుకొనాలంటే మూడు పరీక్షలకు నిలబడాలి: అందుకు చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి. ఈ మూడు పరీక్షలను పాఠకులు గుర్తుంచుకొనవలసినదిగా కోరుతున్నాము. తరువాత మరల వీటితో పని ఉన్నది.

ఫోను ఎట్లా చెబుతున్నది?

1995 జులై 31న కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుండి ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీ సంచార్ భవన్‌లో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. దేశంలో అదే తొలి మొబైల్ సంభాషణ. అవి మేము ఉద్యోగంలో క్రొత్తగా చేరిన రోజులు. అప్పటి ఫోను మాటలను మోసే సాధనం మాత్రమే. నేటి ఫోనులో కెమెరా, మైకు, దిక్సూచి, కదలికను పట్టే త్వరణ మాపకం, జి.పి.ఎస్. గ్రాహకం అన్నీ ఇమిడి ఉన్నాయి. మన కర్మాగారపు కంట్రోలు రూములో ఉండే పరికరాలతో పోల్చదగినన్ని!

ఆకాశంలోని ఉపగ్రహం మనలను చూస్తున్నదని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుండి సమయ సంకేతాలను ప్రసారం చేస్తాయి, అంతే. ఆకాశవాణి కేంద్రానికి తన శ్రోతలు ఎవరో తెలియనట్లే, ఉపగ్రహానికి మన సంగతి తెలియదు. నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, తానెక్కడ ఉన్నదో ఫోనే లెక్క కట్టుకుంటుంది. గుట్టు బయటపడేది ఆ తరువాతి మెట్టులో. మనము అనుమతి ఇచ్చిన యాప్‌లు ఆ లెక్కను తీసుకొని తమ కంప్యూటర్లకు పంపుతాయి.

టవరు సంగతి వేరు. ఫోను వెలుగుతున్నంతసేపు, మాట్లాడకపోయినా, తానే ప్రాంతంలో ఉన్నదో నెట్‌వర్కుకు తెలుపుతూ ఉంటుంది. లేనిచో మనకు వచ్చే కాల్‌ను ఎక్కడికి పంపాలో తెలియదు. పాత బటన్ల ఫోనుకు కూడా ఇది తప్పదు.

"నేను మాట్లాడిన వస్తువుకే ప్రకటన వచ్చినది, ఫోను వింటున్నది" అనే ఫిర్యాదు తరచు వింటాము. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. రహస్యంగా మైకు తెరిచి వింటున్న ఆధారం వారికి దొరకలేదు గాని, కొన్ని యాప్‌లు తెరపై జరిగేదానిని చిత్రీకరించి బయటకు పంపుతున్నట్లు బయటపడినది. నిజానికి, మనలను తెలుసుకొనడానికి మన మాట వినవలసిన పనియే లేదు. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 15 లక్షల మంది ఫోను కదలికలను పేర్లు తీసివేసి పరిశీలించగా, ఏ సమయాన ఎక్కడ ఉన్నారనే నాలుగు బిందువులు తెలిస్తే చాలు, 95 శాతం మందిని ప్రత్యేకంగా వేరు చేయవచ్చునని తేలినది. గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు. ఈ కాలంలో చెవుల కంటె అడుగుజాడలు ఎక్కువ మాట్లాడుతున్నాయి.

సంస్థల భద్రతకూ ఇది వర్తిస్తుంది. వ్యాయామాన్ని నమోదు చేసే స్ట్రావా అనే యాప్ 2017 నవంబరులో తన సభ్యుల పరుగు దారులన్నిటినీ కలిపి ప్రపంచ పటంగా ప్రచురించినది. అందులో పేర్లు లేవు. అయినా ఎడారుల మధ్య ఒంటరిగా వెలుగుతున్న గీతలు సైనిక స్థావరాలవని 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి గుర్తించాడు. ప్రతి సైనికుడూ తన మటుకు తాను దాచవలసినది ఏమీ లేదనే అనుకొని ఉంటాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెతకు ఇంతకంటె ఆధునికమైన ఉదాహరణ అక్కరలేదు.

అడుసు త్రొక్కనేల?

మన వృత్తిలో ఒక సూత్రం ఉన్నది. లేని వాల్వు కారదు, లేని ఫ్యూజు కాలదు. అదే విధంగా సేకరించని సమాచారం దొంగిలింపబడదు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అన్నది సమాచార భద్రతకు కూడా మొదటి పాఠమే.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ సూత్రాన్నే స్వీకరించినది. అందులోనే ఇచ్చిన ఒక దృష్టాంతం చూడండి: వైద్య సలహా యాప్ ఒకటి రోగి సమాచారంతో పాటు ఫోనులోని పరిచయస్తుల జాబితాకు కూడా అనుమతి అడిగినది. ఆమె రెంటికీ సరేనన్నది. అయినప్పటికీ, వైద్య సలహాకు ఆ జాబితా అవసరం లేదు గనుక ఆమె అంగీకారం వైద్య సేవకు మాత్రమే పరిమితమవుతుంది. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. నిబంధనలు దశలవారీగా అమలులోకి వచ్చే ఏర్పాటు చేశారు. అతిక్రమణకు గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. చట్టం రక్షణ ఇస్తుంది గాని, అనుమతి బొత్తాన్ని నొక్కే వ్రేలు మాత్రం మనదే.

తక్కువతో జీవించి చూచితిమి

మేము సాంకేతిక విద్యనే నమ్ముకొని ముప్పది ఏళ్ళు జీవించినవారము. ఫోనును యమునలో పారవేయమని చెప్పుట మా ఉద్దేశం కాదు. అయితే ఎంత తగ్గించవచ్చునో ఇంట్లో మూడు నెలలు పరీక్షించి చూచాము.

మొదట ఫోనులోని 63 యాప్‌లను లెక్కబెట్టి, వాడనివి 22 తొలగించాము. వాటిలో కాలిక్యులేటరు ఒకటి మేము ఎక్కడ ఉన్నామో తెలుసుకొనే అనుమతి తీసుకొని కూర్చున్నది! మిగిలిన వాటిలో చాలావాటికి "వాడుతున్నప్పుడు మాత్రమే" అన్న షరతు పెట్టాము. ఆధార్ నకలు ఇవ్వవలసిన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే ప్రతిని అంగీకరిస్తారా అని ముందుగా అడగడం అలవాటు చేసుకున్నాము. విమానాశ్రయంలో ముఖం చూపి వెళ్ళే డిజియాత్ర ఐచ్ఛికమే గనుక, గుర్తింపు కార్డు చూపే వరుసలోనే నిలబడుతున్నాము. గంట మ్రోగే గడియారం ఒకటి కొని మంచం ప్రక్కన పెట్టుకొని, రాత్రి తొమ్మిది తరువాత ఫోనులన్నీ వాకిలి దగ్గరి వెదురు బుట్టలో వేశాము. మొదటి వారం చేతులకు ఏమీ తోచలేదు. మూడవ వారానికి మా శ్రీమతి అల్లిక పని మరల మొదలుపెట్టారు. మేము సగంలో ఆపిన పుస్తకం పూర్తయినది.

విఫలమైనవి కూడా చెప్పుట న్యాయం. ఒక పక్షం రోజులు బటన్ల ఫోను మాత్రమే వాడాము. అట్టి ఫోనులకు సైతం చెల్లింపు సదుపాయంగా రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యు.పి.ఐ. 123పే ప్రారంభించినది గాని, కూరగాయల బండి ముందు నలుగురు వేచి ఉండగా అది మాకు చేతకాలేదు. బండివాని దగ్గర చిల్లర లేదు. అన్నిటికంటె ముఖ్యంగా, తెనాలిలో ఉన్న మా అమ్మగారు ప్రతి సాయంకాలం వీడియోలో మా ముఖాలు చూడనిదే భోజనం చేయరు. "గొంతు విన్నాను గాని, చిక్కినావో లేదో ఎట్లా తెలుస్తుందిరా?" అన్నారు. స్మార్ట్ ఫోను తిరిగి జేబులోనికి వచ్చినది.

మా ఇంటిలోని నిఘా

ఈ పరీక్షలో మాకు అసలు పాఠం నేర్పినది మా అమ్మాయి. ఆమె గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్నది. ఢిల్లీలో ఆడపిల్లను ఉద్యోగానికి పంపే తల్లిదండ్రుల భయం వేరుగా వివరించనక్కరలేదు. చేరిన నాడే ఆమె ఉన్న చోటు ఎల్లవేళలా మా ఫోనులో కనిపించే ఏర్పాటు చేయించాము. మూడేళ్ళుగా ఆ నీలి చుక్కను చూచుటే మాకు నిత్యకృత్యం అయినది.

ఒకనాడు చుక్క లజపత్ నగర్‌లో ఆగినది. వెంటనే ఫోను చేసి, ఇంటికి రాక అక్కడ ఏమి పని అని గద్దించాము. తల్లి పుట్టినరోజుకు రహస్యంగా చీర కొనడానికి వెళ్ళినది పాపం. ఇంటికి వచ్చి, సుబ్బారావుగారి తీర్పు గురించి మేము ఉత్సాహంగా చెబుతున్నదంతా విని, చివరకు ఇట్లా అన్నది: "నాన్నగారూ, మీరు 'క్షేమంగా చేరావా అమ్మా' అని అడిగి ఎన్నాళ్ళయిందో గమనించారా? స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలన్నా ముందు ఆ చుక్క గుర్తుకు వస్తున్నది. సంజాయిషీ చెప్పలేక చాలాసార్లు వెళ్ళడం మానుకున్నాను. ఆ తీర్పు మన ఇంటికి వర్తించదా?"

మిత్రుని ప్రశ్నకు సమాధానం మాకు అప్పుడు దొరికినది. మా అమ్మాయికి దాచుకోవలసిన తప్పు ఏదీ లేదు. అయినా అడుగులు మారిపోయాయి. చూస్తున్నది ప్రేమ గల కన్ను అయినా సరే, నడక మారుతుంది.

అందరమూ కూర్చుని, న్యాయస్థానం చెప్పిన ఆ మూడు పరీక్షలనే ఇంటికి అనువుగా మలచుకున్నాము. నియమం ముందుగా అందరికీ తెలిసి, అందరి అంగీకారంతో ఉండాలి. ప్రయోజనం క్షేమం మాత్రమే కావాలి, ఆరా తీయడం కాదు. అవసరమైనంత మేరకే ఉండాలి. ఆ ప్రకారం, రాత్రి పొద్దుపోయి టాక్సీలో వచ్చేటప్పుడు మాత్రం ఆ ఒక్క ప్రయాణానికి తానున్న చోటు తానే పంపుతుంది. ఇల్లు చేరగానే అది ఆగిపోతుంది. ఆపదలో నొక్కవలసిన 112 మా అందరి ఫోనులలో సిద్ధంగా ఉన్నది. మిగిలిన వేళల్లో ఆమె చెప్పినది విని నమ్ముతాము. ఒప్పుకున్న మొదటి వారం మాకు నిద్ర సరిగా పట్టలేదన్నది నిజం. ఇప్పుడు మాత్రం సాయంకాలం తనే ఫోను చేసి, ఎక్కడెక్కడికి వెళ్ళినదో మేము అడగకుండానే చెబుతున్నది. చుక్క ఎన్నడూ చెప్పని కబుర్లవి.

సోదర ఉద్యోగులకు మా విన్నపం ఒక్కటే. ఈ ఆదివారం ఒక అరగంట వెచ్చించి ఫోనులోని అనుమతుల పట్టికను తెరచి, ఒక్కొక్క దానిని మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు అడిగారు? ఎందుకు? ఎంతవరకు? సమాధానం లేని దానికి అనుమతి తొలగించండి. ఆ తరువాత అవే ప్రశ్నలు మన ఇంటిలో మనకు కూడా వేసుకుందాము.