బరువు మోసేది గాలి

నాగపూరు నుండి షిర్డీ వరకు 520 కిలోమీటర్ల పొడవున సమృద్ధి మహామార్గం తొలి భాగం 2022 డిసెంబరులో ప్రారంభమయింది. ఆ కాంక్రీటు రహదారిపై కార్లకు అనుమతించిన వేగం గంటకు 120 కిలోమీటర్లు. మరుసటి సంవత్సరమే టైర్లు పగిలి జరిగిన ప్రమాదాలు పత్రికలలో తరచు కనిపించసాగాయి. రవాణాశాఖవారు ప్రవేశస్థానాల వద్ద టైర్లను పరీక్షించి, బాగా అరిగిన టైర్లతో వచ్చిన వాహనాలను వెనుకకు పంపవలసి వచ్చింది.

ఎండకు లోపలి గాలి వ్యాకోచించి టైరు పగులుతుందని సాధారణంగా అనుకుంటారు. అందుచేత వేసవిలో నాలుగైదు పౌన్లు తక్కువ పెట్టించడమే క్షేమమని నమ్మేవారు కొల్లలు. చూడడానికి సబబుగానే తోచే ఈ నమ్మకం చాలా ప్రమాదకరమైనది.

లెక్క వేసి చూద్దాం. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద చదరపు అంగుళానికి 33 పౌన్ల చొప్పున గాలి నింపిన టైరు, పరుగులో 60 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. పీడనం సుమారు 38 పౌన్లకు చేరుతుంది, అంతే. ఈ పెరుగుదలను ముందే లెక్కలోకి తీసుకొని టైరును నిర్మిస్తారు.

మరి టైరును చెరిచేది ఏమిటి? కారు బరువును మోసేది రబ్బరు కాదు, అందులో బంధించిన గాలి. ఒక్కొక్క చక్రంపై 300 కిలోల భారం ఉంటే, 33 పౌన్ల పీడనం వద్ద టైరు నేలను తాకే స్థలం సుమారు ఒక పోస్టుకార్డంత. గాలి తగ్గేకొద్దీ టైరు మరింత అణగి ఆ స్థలం పెరుగుతుంది, పక్కగోడలు మరింతగా వంగుతాయి. చిన్న కారు చక్రం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. అనగా పక్కగోడలోని ప్రతి భాగమూ సెకనుకు 14 సార్లు వంగి లేస్తుంది. ఇనుపతీగను పదేపదే వంచితే వేడెక్కడం మనం ఎరిగినదే. రబ్బరులోనూ అదేవిధంగా వేడి పుట్టి, లోపలి పొరల పట్టు సడలి, చివరకు అవి విడిపోతాయి. వేసవి ఎండ, అధిక భారం, అతివేగం ఈ వేడికి తోడవుతాయి. గాలి తగ్గించినవాడు వేడిని తగ్గించలేదు, పెంచాడు.

టైరు పక్కన ముద్రించిన గుర్తులు ఈ దృష్టితోనే చదవాలి. ‘165/80 ఆర్ 14 85 టి’ అన్నచోట 165 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం. ఆర్ అంటే రేడియల్. 14 రిమ్ము వ్యాసం, అంగుళాలలో. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు సంగతి ఆ తరువాతనే ఉంది. 85 అనేది కిలోల సంఖ్య కాదు, భారసూచిక. పట్టికలో దానికి 515 కిలోలు. నాలుగింటికీ కలిపి 2,060 అని సంతోషించరాదు, ఏలనంటే డిక్కీ నిండా సామాను పెట్టినప్పుడు వెనుక చక్రాలే హెచ్చు భారం మోస్తాయి. ‘టి’ అక్షరం గంటకు 190 కిలోమీటర్ల వేగపరిమితిని తెలుపుతుంది. ఎస్ 180, యు 200, వి 240. యు, వి ల నడుమ 210కి హెచ్ ఎందుకు దూరిందో అక్షరక్రమం తెలిసినవారికి వింతగానే తోస్తుంది! ఈ పరిమితులన్నీ తగినంత గాలి ఉన్న మంచి టైరుకు మాత్రమే వర్తిస్తాయి. గాలి తగ్గితే 515 కిలోలు మోయగల శక్తీ తగ్గుతుంది.

టైరుపై గరిష్ఠ పీడనం కూడా ముద్రించి ఉండవచ్చు. అది దాటరాని హద్దు, నింపవలసిన కొలత కాదు. మితిమీరి నింపితే టైరు నడిమిభాగం త్వరగా అరిగి, రోడ్డుపై పట్టు తగ్గుతుంది. తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. నింపవలసిన కొలత కారు తయారీదారు నిర్ణయించినది. సాధారణంగా డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన చీటీలో ఉంటుంది. కొన్ని కార్లకు కొద్దిమంది ప్రయాణించేటప్పుడు ఒకటి, నిండు భారానికి వేరొకటి ఇస్తారు. దానిని బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉండగా కొలవాలి. దూరప్రయాణం మధ్యలో కొలిచి, 38 చూపిందని గాలి వదిలినవారి టైరు మర్నాటి ఉదయానికి 28 వద్ద నిలుస్తుంది. అదనపు చక్రాన్నీ ఆ పూటే చూడడం మంచిది. అవసరం వచ్చిననాడు దానిలో గాలి లేకపోవడం చాలామందికి అనుభవమే.