గుండె మాత్రలు వేసుకుంటూ నడిచేవారికి

స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన పెద్దాయనకు పిల్లలు ముందుగా కొనిపెట్టేది స్మార్ట్ వాచీ. రోజూ నడవండి నాన్నా, నాడి ఎంత ఉందో ఇదే చూపిస్తుంది అంటారు. ప్రేమతో చేసే పనే. కానీ ఆయన వేసుకునే మాత్రల సంగతి ఆ వాచీకి తెలియదు. దాని లెక్క వయసు మీద నడుస్తుంది. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందనీ, నాడి అందులో ఇంత శాతానికి చేరితేనే వ్యాయామం అయినట్టనీ లెక్క. అరవై ఏళ్ల మనిషికి ఆ గరిష్ఠం 160. ఆయన మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడుతుంటే, ఒళ్లు చెమటలు పట్టేలా నడిచినా నాడి 110 దాటకపోవచ్చు. వాచీ ఇంకా చాలలేదంటుంది. ఆయన ఇంకా వేగం పెంచుతారు. ప్రమాదం అక్కడే ఉంది.

శ్రమ పడినప్పుడు అడ్రినలిన్ గుండెను తొందరపెడుతుంది. బీటా బ్లాకర్ ఆ తొందరను అడ్డుకుంటుంది. 1960లలో స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ప్రొప్రనొలాల్ తయారుచేసినప్పుడు ఆయన ఆలోచన ఇదే: మూసుకుపోతున్న రక్తనాళం గుండెకు ఎక్కువ ఆక్సిజన్ అందించలేనప్పుడు, గుండెకు కావలసిన ఆక్సిజన్‌నే తగ్గిస్తే సరి. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి నాడి నెమ్మదిగా ఉండటం చేతకానితనం కాదు, మందు పని చేస్తోందని అర్థం. ఈ మాత్ర వల్లే నడవలేకపోతున్నానని కొందరు తమంతట తామే మానేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపితే గుండెనొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. నీరసంగా ఉంటే డాక్టరుకు చెప్పండి. మోతాదు మారుస్తారు, లేదా మందే మారుస్తారు.

మరి ఎంత నడిస్తే చాలు? స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 దాకా ఒక కొలమానం తయారుచేశారు. పడుతున్న శ్రమకు మనమే మార్కు వేసుకోవాలి. గుండె జబ్బున్నవారికి సాధారణంగా 11 నుంచి 14 మధ్య ఉండమంటారు, అంటే తేలిక నుంచి కాస్త కష్టం వరకు. ఇంకా సులువైన పరీక్ష ఒకటుంది. పక్కన నడిచేవారితో మాట్లాడగలగాలి, రాగం తీసి పద్యం మాత్రం పాడలేకపోవాలి. మాటకు మాటకు మధ్య ఆయాసపడుతుంటే వేగం తగ్గించాలి. వాచీ కంటే ఈ పరీక్షనే నేను ఎక్కువ నమ్ముతాను.

షుగరు కూడా ఉన్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్‌గానీ వాడుతూ పరగడుపున నడిస్తే షుగరు పడిపోవచ్చు. అలాంటప్పుడు గుండె దడ, చేతుల వణుకు మనల్ని హెచ్చరించాలి. బీటా బ్లాకర్ ఆ రెండింటినీ అణిచేస్తుంది. మిగిలే హెచ్చరిక ముఖ్యంగా చెమటే. నడిచేటప్పుడు చెమట ఎలాగూ పడుతుంది కాబట్టి దాన్ని పోల్చుకోలేం. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉండి తీరాలి.

బీపీ మాత్రలు వేసుకునేవారు నడక చటుక్కున ఆపకూడదు. రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. చివరి పది నిమిషాలు వేగం తగ్గించుకుంటూ రావాలి. వచ్చీ రాగానే వేడినీళ్ల స్నానం వద్దు. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ కూడా బీపీని తగ్గించగలదు కాబట్టి ఆ మందు పేరు కూడా గుండె డాక్టరుకు చెప్పాలి. నీరు పోయే మాత్రలు వాడేవారికి అమెరికాలో డాలస్, ఫీనిక్స్ లాంటి చోట్ల ఎండలు త్వరగా నీరసం తెస్తాయి. మనవాళ్లు వెంటనే కొబ్బరినీళ్లు ఇస్తారు. అందులో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరొనొలాక్టోన్ లాంటివి ఒంట్లో పొటాషియాన్ని నిలబెడతాయి. రోజూ తాగే ముందు డాక్టరును అడగండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వాడేవారికి తొడలు, పిక్కలు విపరీతంగా నొప్పిపెట్టి మూత్రం ముదురు రంగులోకి మారితే వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మందు వాడుతూ కిందపడి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టనిపించినా చూపించుకోవాలి.

మన ఊళ్ల నుంచి వచ్చి చలికాలంలో షికాగోలోనో న్యూజెర్సీలోనో ఉండే తల్లిదండ్రుల గురించి నాకు ఎక్కువ బెంగ. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. బీపీ పెరుగుతుంది. ఊరికే కూర్చోలేని నాన్నగారు పార అందుకుని వాకిట్లో మంచు తీయబోతారు. చేతులతో బరువెత్తడం, ఊపిరి బిగబట్టడం, చలి, మూడూ కలిస్తే జబ్బున్న గుండె తట్టుకోలేదు. ఆ పార ఆయన చేతికివ్వకండి. మాల్‌లో నడిపించండి.

వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామం నేర్పే కార్డియాక్ రిహాబ్ చాలా మేలైనది. గుండెపోటు, స్టెంట్, బైపాస్ తర్వాత అమెరికాలో మెడికేర్ సాధారణంగా 36 సెషన్ల దాకా చెల్లిస్తుంది. సందర్శకులుగా వచ్చినవారికి ఆ సదుపాయం లేదు. అర్హత ఉండి కూడా వెళ్లనివారు మనలో ఎందరో ఉన్నారు. డాక్టరు చెప్పేదాకా ఆగకుండా మీరే అడిగి రాయించుకోండి. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలనే గుండెజబ్బు ముప్పు పెంచే అంశంగా చేర్చాయి. మనకు అశ్రద్ధ తగదు.

నడుస్తుండగా ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి మొదలైతే ఆగి కూర్చోవాలి. డాక్టరు రాసిచ్చిన నైట్రోగ్లిజరిన్ ఉంటే కూర్చునే నాలుక కింద పెట్టుకోవాలి. లైంగిక సామర్థ్యం కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వాడేవారు మాత్రం నైట్రోగ్లిజరిన్ వాడకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. సిగ్గుపడకుండా ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే అంబులెన్సును పిలవాలి. అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 108. మీ ఇంటికొచ్చిన అమ్మానాన్నలకు ఆ నంబరు, మీ చిరునామా, వాళ్ల మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి, నడకకు బయల్దేరేముందు జేబులో పెట్టండి.