స్మృతి సన్నగిల్లినను స్మరణకు లోటు లేదు



ఒకనాడు ఉపన్యాసము ముగిసిన పిమ్మట, డెబ్బది యేండ్లు దాటిన ఒక పెద్దాయన అందరును లేచి వెళ్ళువరకు మండపములోనే కూర్చుండి, మెల్లగా దగ్గరకు వచ్చి యిట్లడిగినారు: "స్వామీ! వైద్యులు నాకు డిమెన్షియా మొదలైనదని చెప్పినారు. ఇంటివారి పేర్లు మరచిపోవుదునేమో అన్న దిగులు కంటె పెద్ద దిగులొకటి నన్ను పట్టుకొన్నది. అంత్యకాలమున దేనిని స్మరించుచు దేహము విడుతుమో దానినే పొందుదుమని గీత ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది గదా! రామనామమే మరచిపోయినచో నా గతి యేమి?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. సమాధానమునకు ముందు ఈ వ్యాధి యెట్టిదో తెలిసికొందము.

కళ్ళజోడు ఎక్కడ పెట్టితిమో మరచుట అందరికిని ఉన్నదే. ఏండ్ల తరబడి నడచిన వీధిలో దారి తప్పుట, చేసిన పూజనే చేయలేదనుకొని మరల మొదలుపెట్టుట, చిన్న లెక్క తేలకుండుట, నోటికి మాట అందకుండుట అనునవి నానాటికి పెరిగి నిత్యకృత్యములకు అడ్డుపడినచో అది వట్టి వార్ధక్యము కాదు. మెదడులోని కణములు క్రమముగా దెబ్బతినుట వలన వచ్చు జబ్బు అది. అందు ఎక్కువగా కనబడు రకమును జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ 1906లో మొదట వివరించినందున దానికి ఆయన పేరే నిలిచినది. మెదడులోని రక్తనాళములు చెడుట వలన వచ్చునది మరియొక రకము. మన దేశమున అరువది యేండ్లు, ఆపై వయస్సు గలవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన అధ్యయనము అంచనా వేసినది.

కొందరు దీనిని పాపఫలమని దాచిపెట్టుదురు. గీత రెండవ అధ్యాయములో స్మృతిభ్రంశము మాట వచ్చును గదా అందురు. అక్కడ చెప్పినది విషయచింతన నుండి కామము, కామము నుండి క్రోధము పుట్టి వివేకము చెడు క్రమము. మెదడుకు వచ్చిన జబ్బును గూర్చి కాదు. జ్వరము వచ్చిన వానిని నిందింపని మనము ఈ జబ్బు వచ్చిన వానిని ఏల నిందింపవలెను?

దాచుట వలన మరియొక నష్టము కలదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత, కొన్ని మందులు కూడ మతిమరుపును తెచ్చును. ఇట్టివి చాలవరకు చికిత్సకు లొంగును. కనుక మొదట పరీక్ష చేయించుకొనవలెను. డిమెన్షియాయే అని తేలినచో, దానిని పూర్తిగా పోగొట్టు మందు నేటికిని లేదు. కొందరికి కొంతకాలము లక్షణములను తగ్గించు మందులు కలవు. రక్తపోటు, మధుమేహము అదుపులో నుంచుట, నిత్యము నడచుట, వినికిడి తగ్గినచో యంత్రము పెట్టుకొనుట, నలుగురితో కలసి మెలగుట మేలు చేయును.

ఇక ముఖ్యమైన మాట. ఈ జబ్బు అన్నిటిని ఒక్కసారిగా తీసికొనిపోదు. సాధారణముగా నిన్న మొన్నటి సంగతులు ముందు పోవును. చిన్ననాడు నేర్చినవి, చేతికి అలవాటైనవి, రాగముతో పాడినవి చాలకాలము నిలుచును. ఉదయము ఫలహారము చేసినదీ లేనిదీ చెప్పలేని తల్లి, ఎవరైన అందించినచో మంగళహారతి పాటను చివరివరకు పాడుట మన యిండ్లలో చూచునదే. కనుక ఉన్నదానిని ఆధారము చేసికొని బ్రదుకవలెను. పూజ ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట జరుగవలెను. తులసికి నీరు పోయుట, వత్తులు చేయుట, పూలు గ్రుచ్చుట వంటి పని ఏదో ఒకటి వారి చేతిలోనే ఉండనిండు. దండ వంకరగా వచ్చినను స్వామికి కొరత లేదు.

వీలునామా, బ్యాంకు వ్యవహారములు, తనకు ఎట్టి వైద్యము సమ్మతమో చెప్పుట అనునవి బుద్ధి తేటగా నున్నప్పుడే రోగి స్వయముగా చక్కబెట్టుకొనవలెను. అది అమంగళము కాదు, బాధ్యత.

ఇంటివారికి కొన్ని మాటలు. "నేనెవరో చెప్పు" అని పరీక్షింపకుడు. "అమ్మా, నేను నీ పెద్దకొడుకును" అని మీరే చెప్పుడు. అడిగినదే పదిసార్లు అడిగినను విసుగక బదులిండు. వాదించి గెలువవలదు, మాట మార్చి శాంతింపజేయుడు. దీపము, పొయ్యి దగ్గర ఒంటరిగా విడువరాదు. ఏకాదశి ఉపవాసము పేర మందులు, ఆహారము మానిపింపరాదు. గుడికి తిరునాళ్ళ రద్దీలో కాక తీరిక వేళ తీసికొనిపొండు. జేబులో పేరు, చిరునామా గల కాగితముంచుడు. సేవ భారము ఒక్క కోడలిపైననో కూతురిపైననో వేయక, తోడబుట్టినవారందరును పంచుకొనవలెను. సేవచేయువారికి కూడ నిద్ర, విశ్రాంతి కావలెను గదా!

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకు వత్తము. మన భక్తులు ఈ భయమును ఎరుగనివారు కారు. యమభటులు వాకిట నిలిచి, గొంతులో కఫము నిండినప్పుడు నీ స్మరణ కలుగునో లేదో, కనుక ఇప్పుడే భజించెదనని రామదాసు దాశరథీ శతకములో భద్రాద్రి రామునితో చెప్పుకొన్నాడు. ముకుందమాలలో కులశేఖరులును ఇదే భావమును పలికినారు. భయమునకు వారు కనుగొన్న మందు "ఇప్పుడే" అన్న మాట.

దానిపైన స్వామి యిచ్చిన అభయము మరియొకటి కలదు. తిరుమలలో శ్రీనివాసుని కంటె ముందు పుష్కరిణి గట్టున వరాహస్వామిని దర్శించుట సంప్రదాయము. ఆ వరాహమూర్తి భూదేవికి చెప్పినట్లుగా వైష్ణవులు అనుసంధించు చరమశ్లోకము ఒకటి ఉన్నది. మనస్సు, దేహము స్వస్థముగా నున్నప్పుడు నన్ను తలచినవాడు, చివరకు కట్టెవలె, రాతివలె పడియున్నను, అప్పుడు వానిని నేనే తలచి పరమగతికి చేర్చుదునని దాని భావము. మనము మరచినను ఆయన మరువడు. స్మరణ భారము అప్పుడు భక్తునిది కాదు, భగవంతునిది.

ఇది విని ఆ పెద్దాయన కొంతసేపు మౌనముగా నుండి, "అట్లయిన రేపటి నుండి మా మనుమనికి రామనామము నేర్పుదును. నేను మరచిన చోట వాడు అందుకొనును" అని లేచినారు.

వ్యాధి వచ్చిన పిమ్మట బాగుగా జీవించుట అనగా నిదియే. తెలివి యున్నంతవరకు తాను స్మరించుట, తరువాత స్మరించుటకు తనవారిని సిద్ధపరచుట. తనవారు చేయవలసినది, ఆ చేయి విడువకుండుట.

స్వస్తి.