అన్నగారు నేర్పిన ఫిడేలు

మొన్న సాయంత్రం మేము ఆఫీసునుండి ఇల్లు చేరేసరికి పిల్లలు సెల్‌ఫోనులో ఏదో పాట పెట్టుకుని తాళం వేస్తున్నారు. జమైకా దేశపు రెగే సంగీతమట. బాబ్ మార్లీ అనే గాయకుని పిల్లలు నలుగురు 1979లో ‘మెలొడీ మేకర్స్’ అనే బృందం కట్టి, 1989లో గ్రామీ బహుమతి అందుకున్నారట. “నాన్నా, మనవాళ్లలో ఇలాంటి కుటుంబం లేదా?” అని మా చిన్నది అడిగింది.

లేకేమి? బరంపురంలో రైలెక్కితే కొన్ని గంటలలో విజయనగరం. అక్కడ 1919లో విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాల స్థాపించారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. పాతికేళ్లు దాటిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ ఫిడేలు ఆచార్యులుగా చేరారు. వారికి విశాఖపట్నంలో ఫిడేలు నేర్పినది స్వంత అన్నగారు వెంకటకృష్ణయ్యగారే. చూపు మందమైనా నాయుడుగారి చెవి మహా చురుకు. అంతవరకు పాటకు పక్కవాద్యంగా కూర్చున్న ఫిడేలుతోనే వారు నిండు కచేరీలు చేశారు. 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964లో వారు గతించినా ఇంట ఫిడేలు ఆగలేదు. కుమారుడు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు ఆ వాద్యంలోనే పేరు పొందారు. ఆ వంశంవారే దుర్గాప్రసాదరావుగారు తరువాత అదే కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు.

1936 మన గంజాంవారు మరువరాని సంవత్సరం. ఆ ఏప్రిలు 1న మన జిల్లా మద్రాసు రాజధానిని విడిచి ఒరిస్సాలో చేరింది. పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు. మంచిదే, మేమూ అలాగే చదివి ఉద్యోగం సంపాదించాము. కాని ఇంట్లో నేర్పవలసినది బడి నేర్పదు గదా!

ఇదంతా చిన్నదానికి చెప్పాము గాని, ఒక్క మాట దాచాము. మా నాన్నగారు హార్మోనియం వాయించేవారు. మాకు నేర్పుతామని పిలిచినప్పుడల్లా పరీక్షలని తప్పించుకున్నాము. వారు పోయినాక పెట్టె అటక ఎక్కింది.

ఆదివారం దానిని దించాము. రెండు మెట్లు పలకలేదు. తిత్తికి ఒకచోట చిల్లి. “ఇది ఎవరిది నాన్నా?” అన్నది చిన్నది. అప్పుడు దాచిన మాట కూడా చెప్పేశాము. పక్కవీధి మామ్మగారు శుక్రవారంనుండి సరళీ వరుసలు చెబుతామన్నారు. చిన్నదాని పక్కన మేమూ కూర్చుంటున్నాము. చదువరులారా, మీ అటక కూడా ఒకమారు చూచుకోండి.