పిప్పిపంటికి గట్టి అతుకు

పిప్పిపంటిలో పెట్టించుకొన్న సిమెంటు కొన్నేండ్లకు ఊడివచ్చుట చాలమంది ఎరిగినదే. లోపము సిమెంటులోనో పంటిలోనో ఉన్నదని మనము తలంతుము. తరచు అది ఆ రెంటిని కలుపు అతుకులో ఉండును.

చాలకాలము వాడిన వెండి-పాదరస మిశ్రమము పంటికి అంటుకొనదు. అది ఊడిపోకుండుటకై గుంటను అడుగున వెడల్పుగను, పైన ఇరుకుగను తొలిచెడివారు. అందువలన మంచిపన్ను కూడ కొంత పోయెడిది. 1955లో అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ బ్యూనోకోర్ మరొక మార్గము చూపెను. పంటి పింగాణిపొరపై ఫాస్ఫారికామ్లమును అరనిమిషముంచి కడిగినచో, రెజిను దానిని గట్టిగా పట్టుకొనును. ఆమ్లము చేసిన సూక్ష్మమైన గుంటలలోనికి రెజిను దిగి గట్టిపడుటయే ఇందుకు కారణము. తాపీపనివాడు నున్నని గోడకు గాట్లు పెట్టి గచ్చు మెత్తుట ఇట్టిదే.

పింగాణి బరువులో సుమారు 96 పాళ్లు ఖనిజమే. దాని క్రింది డెంటినులో ఖనిజము 70 పాళ్లు మాత్రమే. మిగిలినది ముఖ్యముగా కొల్లాజెన్ అను మాంసకృత్తు, నీరు. కోడియెముకను కొన్ని దినములు వెనిగారులో నానబెట్టి చూడుడు. ఖనిజము కరగిపోయి, వంగెడి మెత్తని భాగము మిగులును. అందు ముఖ్యమైనది కొల్లాజెన్. డెంటినుపై ఆమ్లము పూసినపుడును ఇట్టి కొల్లాజెన్ వలయే పైకి తేలును. రెజిను ఆ వలలో ఇంకి గట్టిపడవలెను. ఇట్లేర్పడు మిశ్రమపొరను 1982లో జపాను శాస్త్రజ్ఞుడు నకబయాషి వివరించెను.

పిప్పిపంటిలో చిక్కు ఇచ్చటనే కలదు. సూక్ష్మజీవులతో నిండి మెత్తబడిన పైభాగమును తీసివేయవలసినదే. దాని అడుగుభాగము కొంత ఖనిజము కోల్పోయినను మరల గట్టిపడగలదు. దానిని కూడ తొలిచినచో లోపలి నరము బయటపడవచ్చును. కావున దానిని ఉంచి, దానికే అతికింపవలెను. కాని అందు నీరు ఎక్కువ. రెజిను వల అడుగువరకు ఇంకదు. రెజిను చేరని పోగులను పంటిలోనే ఉన్న ఎంజైములు క్రమముగా తెగగొట్టును. అతుకు వదలును.

దీనికి శాస్త్రజ్ఞులు మూడు ఉపాయములు పరీక్షించిరి. మొదటిది, క్లోర్‌హెక్సిడిన్ ద్రావణము పూసి ఎంజైములను అణచుట. రెండవది, ఎం.డి.పి. అను ద్రవ్యము కలిసిన జిగురు వాడుట. దాని అణువు ఒక కొనతో పంటిలోని కాల్షియమును, మరొక కొనతో రెజినును పట్టుకొనును. మూడవది, కొల్లాజెన్ పోగులను ఒకదానితో నొకటి బంధించి బలపరచుట. ద్రాక్షగింజల టానినులు ఈ పని చేయునని ప్రయోగశాలలలో తేలినది. మన పల్లెలలో తంగేడుచెక్కతో తోళ్లు పదును చేయుటలోని రహస్యమును ఇదియే: తోలును కొల్లాజెనే, చెక్కలోనిదియు టానినే.

ఒకప్పుడు సిమెంటు నిలుచుటకై మంచిపన్నును తొలిచిరి. ఇప్పుడు చెడిన పంటిలో సైతము మిగిలినదానిని కాపాడుటయే ఈ కృషి లక్ష్యము.